సాంచాలు ఆగిన మధ్యాహ్నం

సిరిసిల్లలో మా ఇంటి గోడకు అవతలే సాంచాలు. ఆ మరమగ్గాల మీద రాత్రి పాళీ చేసి వచ్చి మా ఆయన పగలంతా పడుకుంటాడు. ఆ చప్పుడులో ఆయన గురక కూడా నాకు వినపడేది కాదు. తెలంగాణ సమ్మె మొదలయ్యాక ఒక మధ్యాహ్నం కరెంటు పోయి సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. అప్పుడు విన్నాను. గురక వస్తూ వస్తూ ఆగిపోయింది. ఒళ్లో ఉన్న మా పాపతోనే వంగి చూస్తే ఆయన నోరు తెరిచే ఉంది, ఊపిరి లేదు. భుజం పట్టి కుదిపేలోపు గుటకేసినట్టు గాలి పీల్చుకున్నాడు. కాసేపటికి మళ్లీ అంతే.

బంద్ లేని రోజు చూసి ఆటోలో జగిత్యాల వెళ్లాం. నిద్రలో గొంతు మూసుకుపోతోందన్నాడు డాక్టరు. పూర్తి పరీక్షకు హైదరాబాదు వెళ్లాలి, బస్సులు నడవడం లేదు. అప్పటిదాకా పడుకునేటప్పుడు ఆక్సిజన్ పెట్టమన్నాడు. మనిషి ఎప్పుడూ నీరసంగా ఉంటున్నాడని హార్మోన్ల పరీక్ష కూడా రాసి, పొద్దున్నే రక్తం ఇవ్వమన్నాడు.

కోరుట్ల నుంచి మా అన్న ఆక్సిజన్ మిషన్ తెచ్చిపెట్టాడు. మా ఆయన మర్నాడు పాళీ దిగి, అటునుంచి అటే రక్తం ఇచ్చి వచ్చాడు. మగ హార్మోన్ బాగా తక్కువని వచ్చింది. ఆయన రిపోర్టు మడిచి దిండు కింద పెట్టాడు.

"మీ అన్నకు మాత్రం సూపెట్టకు."

మళ్లీ జగిత్యాల వెళ్తే డాక్టరు ఆ హార్మోన్ సూది మందు రాయబోయాడు. రక్తం పొద్దున లేవగానే ఇచ్చారు కదా అని అడిగాడు.

"లేచుడు ఏడిది సార్, అప్పటికింక పండుకోనే లేదు," అన్నాను.

కలం ఆగింది. ఆ హార్మోన్ నిద్రలోనే పెరుగుతుందట, పడుకోకుండా రక్తం ఇస్తే తక్కువే చూపిస్తుందట. పైగా ఆ సూదితో ఊపిరి ఆగడం ఇంకా ఎక్కువ కావచ్చట. కొన్నాళ్లు ఆక్సిజన్‌తో నిద్రపోయి, లేచాక మళ్లీ రక్తం ఇవ్వమన్నాడు.

రేపు పగలు ఆయన పడుకుని లేచాక ఆ పరీక్ష. ఆయన ఇప్పుడు పాళీలో ఉన్నాడు. అక్కడ ఆక్సిజన్ లేకుండా కునుకు తీస్తాడేమోనని నాకు నిద్ర లేదు. పగలు ఇంకో బాధ. కరెంటు ఉంటే మిషన్ నడుస్తుంది కానీ సాంచాల మోతలో ఊపిరి వినపడదు. కరెంటు పోతే ఊపిరి వినపడుతుంది, మిషన్ ఆగిపోతుంది. అందుకే ఆయన పడుకోగానే కడుపు మీద చెయ్యేసి కూర్చుంటాను. ఇవాళ పగలు ఒక కన్ను తెరిచి చూశాడు.

"బతికే ఉన్న గని, చెయ్యి తియ్యవే."

తీయలేదు.