కోటిలింగం చల్లిన నీళ్లు

వెల్దుర్తి చుట్టుపక్కల ఊళ్లలో మిరపకాయ బస్తా తొక్కాలంటే కోటిలింగమే తొక్కాలి. ఎండి గలగలలాడే కాయ మీద ముందు నీళ్లు చల్లాలి. ఎక్కువైతే కుళ్లు, తక్కువైతే పొడి. బిందెలో చెయ్యి ముంచి, వేళ్ల సందుల్లోంచి విదిలించి, పట్ట కప్పి, కాయ మెత్తబడ్డాక బస్తాలోకి దిగి కాళ్లతో అదిమేవాడు. అతను తొక్కిన బస్తా గుంటూరు యార్డులో విప్పితే విరిగిన కాయ వెతికినా దొరికేది కాదు. చదువు లేదు, భార్య పేరన ఉన్న ఎకరం చేను తప్ప ఆస్తీ లేదు. ఉన్నదల్లా ఆ చెయ్యే. కాయ ఎండే రోజుల్లో ఊరి మోతుబరులు సైతం అతని గడపలోకి వచ్చేవాళ్లు. మిగతా ఏడాదంతా పలకరించే దిక్కుండేది కాదు, అది వేరే సంగతి.

ఆ చెయ్యి వద్దన్నది పై దేశాలకు మిరపకాయ పంపే ఒక కంపెనీ. ఎకరం, రెండెకరాల రైతుల్ని ఏరి జట్టు కట్టింది. జట్టు వ్యవహారాలు చూసేది దుర్గి నుంచి వచ్చే గోపీనాథ్. చెప్పిన మందులే కొట్టాలన్నాడు. కాయ నేల మీద కాదు, పట్టల మీదే ఎండాలన్నాడు. అన్నిటికన్నా పెద్ద షరతు నీళ్లు. చుక్క చల్లకూడదు, తొక్కకూడదు. తడి తగిలిన కాయలో బూజు పడుతుంది, కంటికి కనపడదు గానీ పరీక్షలో దొరుకుతుంది. ఒక్కరి కాయ చెడినా అందరి సరుకూ వెనక్కొస్తుంది, జట్టు పోతుంది.

కోటిలింగం భార్య పున్నమ్మ అందరికన్నా ముందు చేరింది. ఇన్నేళ్లూ కమీషన్ కొట్టు మెట్ల కింద నిలబడి, వాళ్లు గుప్పెడు కాయ తీసి మూతి విరిచి చెప్పిన ధరకు తలూపి వచ్చిన మనిషి. తన పేరు చీటీ కట్టిన బస్తా ఓడెక్కుతుందంటే ఆమెకు నిద్ర పట్టలేదు. ఆ ఏడు కాయను చంటిబిడ్డను సాకినట్టు సాకింది. మంచు దిగకముందే పట్ట కప్పేది, పొద్దెక్కగానే తీసేది. కల్లంలోకి కోడి వచ్చినా కర్ర అందుకునేది.

"ఏమయ్యా, నీళ్ల సంగతి గుర్తుందిగా?" అని రోజూ అడిగేది.

"ఎన్నిసార్లు చెప్తావే? నేనేమన్నా పసిపిల్లోణ్నా?" అని అతను విసుక్కునేవాడు.

బస్తాలకెత్తే రోజు అతను వేకువనే కల్లానికి వెళ్లాడు. ఎట్లా ఉందోనని పట్ట తొలగించి గుప్పెట పట్టాడు. కాయ పటపటా విరిగి గింజలు రాలాయి. అతని ప్రాణం ఉసూరుమంది. ఊరందరి కాయా కాపాడిన చెయ్యి, సొంత పెళ్లాం కాయ పొడైపోతుంటే చూస్తూ ఊరుకుంటుందా? పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. నాలుగు చుక్కలేగా, ఆరిపోతాయిలే అనుకున్నాడు. తాగడానికి తెచ్చిన బిందెలో చెయ్యి ముంచాడు.

పున్నమ్మ వచ్చేసరికి కాయ మెత్తబడి ఎర్రగా నిగనిగలాడుతోంది. "చూశావా, నీ నీళ్లు లేకపోయినా ఒక్కటి విరగలా!" అంది సంబరంగా. అతను నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ అతనికి తన మీద తనకే అసహ్యం వేస్తుంది.

ఎండలు ముదిరాక గోపీనాథ్ వచ్చాడు. జట్టులోని రసూల్ ఇంటి ముందు అందర్నీ కూర్చోబెట్టాడు. ఓడెక్కకముందే పరీక్షలో బూజు విషం తేలిందట. విడివిడిగా చూస్తే, పున్నమ్మ పేరున్న బస్తాల్లోనే ఉందట.

"సరుకు మొత్తం తిప్పి పంపుతున్నారు పిన్నీ. ఇక మన ఊరి కాయ తీసుకోరంట," అన్నాడు తల దించుకుని.

"మా కల్లంలో చుక్క పడలా!" పున్నమ్మ లేచి నిలబడింది. "మీరే ఎక్కడో తడిపి నా మీద పెడుతున్నారు."

"బాగా చెప్పావక్కా," అన్నాడు రసూల్. అతని కాయ కూడా ఆ సరుకులోనే ఉంది. "ఇంట్లో బస్తాలు తొక్కేవోణ్ని పెట్టుకుని, నీళ్లు చల్లలేదంటే ఎవరు నమ్ముతారు?"

పున్నమ్మ నిప్పు తొక్కినట్టు ఎగిరింది. "నా మొగుడు పనికిమాలినోడంటే పడతా. మాట తప్పినోడంటే మాత్రం పడను. కర్పూరం తెండి. పోలేరమ్మ పేరు చెప్పి ఆర్పుతా!"

పల్నాట్లో కర్పూరం ఆర్పడం ఆషామాషీ వ్యవహారం కాదు. అబద్ధమాడి ఆర్పితే వంశం నిలవదని అక్కడ నమ్ముతారు. ఎవరో తెచ్చారు, ఒక రాతి మీద వెలిగించారు కూడా. పున్నమ్మ చెయ్యి చాపింది. కోటిలింగం లేచి ముందుకొచ్చాడు. నోరు మూసుకుంటే పరువు దక్కేదేమో. కానీ ఆమె ఆ మంటను ఆర్పబోతున్నది అతని మాట నమ్మి.

"ఆర్పమాకే," అన్నాడు. "చల్లింది నేనే."

ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే కాస్త తేలికపడేవాడు. కర్పూరం దానంతటదే కాలిపోయేదాకా పున్నమ్మ దాన్నే చూస్తూ నిలబడింది. ఇంటికెళ్లి వంట చేసింది, అన్నం పెట్టింది. ఆ రోజు గాని, ఆ తర్వాత గాని ఆ సంగతి ఎత్తలేదు.

మరుసటేడు జట్టు లేదు. కాయ మళ్లీ ఆ కమీషన్ కొట్టుకే పోవాలి. తమ కాయ మీద బిందెలకు బిందెలు గుమ్మరించే మోతుబరులు కూడా, అచ్చిరాని చెయ్యంటూ కోటిలింగాన్ని పిలవడం మానేశారు. లోకం తీరు అంతే. పున్నమ్మ మాత్రం ఎవరూ అడగకపోయినా పట్టల మీదే ఎండబోసింది. ఆ కంపెనీ రాకపోతే ఇంకోటి రాదా అని ఆమె పిచ్చి ఆశ. కాయ తిరగేయడానికి మొగుణ్ని రానిచ్చింది.

మిట్టమధ్యాహ్నం అతనికి దాహమైంది. బిందె వైపు నడిచాడు. ఆమె చేతిలో పని వదిలేసి గబగబా వచ్చి, అతనికన్నా ముందు చెంబు అందుకుంది.

"దోసిలి పట్టు. నేను పోస్తా."

అతను వంగి తాగాడు. తాగడం అయ్యాక ఆమె చెంబు కింద పెట్టి, అతని రెండు చేతులూ పట్టుకుని, తడి పోయేదాకా వేలు వేలూ కొంగుతో తుడిచి, అప్పుడు కాయ దగ్గరికి వదిలింది.