ఒక్కరికే పట్టే టెంటు కొన్నాం, ఇద్దరం

ఒక్కరికి సరిపడే తేలిక టెంటు ఒకటి కొనుక్కోవాలని నిరుటి వానాకాలం నుంచీ అనుకుంటున్నాను. అనుకోవడమే తప్ప కొన్నది లేదు. అడ్డుపడింది ధర కాదు, సూరిబాబు. మాకు చుట్టరికం ఏమీ లేదు గానీ, మా వైపు అలవాటు కొద్దీ ఒకరినొకరం బావా అనుకుంటాం. అతను పోర్టులో పనిచేస్తాడు, నేను అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో. షిఫ్టులు కలిసొచ్చినప్పుడల్లా అనంతగిరి వైపు కొండలెక్కేవాళ్ళం. ఇద్దరికీ ఒకటే టెంటు. గుడ్డ నా బ్యాగులో, కడ్డీలూ మేకులూ అతని బ్యాగులో. నిరుడు అతని నడుముకు ఆపరేషన్ అయింది. బరువు మొయ్యొద్దు, నేల మీద పడుకోవద్దు అన్నాడు డాక్టరు. ఆ పాత టెంటు నేనొక్కణ్ణీ మోసుకుంటూ ఎక్కలేను. పోనీ కొత్తది కొందామంటే, నీ పని అయిపోయింది బావా అని అతని మొహం మీద చెప్పినట్టే కదా! అందుకని నోరు మూసుకు కూర్చున్నాను. కొండలూ మానేశాను.

కిందటి శనివారం పొద్దున్నే అతనే ఫోన్ చేశాడు.

"ఏటి సేత్తన్నావ్ బావా? మద్దిలపాలెం వచ్చీ. టెంటు కొందాం."

"ఏ టెంటు?"

"ఒక్కడి టెంటు. నాకు తెలీదనుకున్నావేటి? ఫోన్లో బొమ్మలు సూసుకుంటన్నావని మీ ఆవిడ సెప్పీసింది."

నాకు తల కొట్టేసినట్టయింది. వెంటనే బస్సెక్కాను.

మద్దిలపాలెం జంక్షన్‌కి నాలుగడుగుల దూరంలో, మేడ మీద ఉంది ఆ షాపు. రెండు టెంట్లు నచ్చాయి. ఒకటి కిలో బరువు. దానికి సొంత కడ్డీలుండవు, కొండెక్కేటప్పుడు పట్టుకునే చేతికర్రలనే నిలబెట్టి మేకులతో బిగించాలి. గుడ్డ ఒకటే పొర. రెండోది కిలోన్నర, సొంత కడ్డీల మీద తనంతట తనే నిలబడుతుంది. లోపల దోమతెర, పైన విడిగా వానగుడ్డ. నాకు మొదటిదాని మీద మనసు పడింది. అరకిలో తగ్గితే కొండ మీద ఆ సుఖమే వేరు. బావ ఊరుకుంటేనా! రెండూ నేల మీద వేయించి, నన్ను పడుకోమన్నాడు.

"మోకాళ్ళు ముడుసుకోకుండా నువ్వెప్పుడు పడుకున్నావ్ బావా? ఇన్నేళ్ళూ ఆ తన్నులు తిన్నోణ్ణి నాను. ఈ కర్రల దాన్లో నీ కాళ్ళు గుడ్డకి తగిలీసి తడిసిపోతాయి. ఒక్క పొరంటే, మన ఉక్కకి తెల్లారీసరికి లోపలే వానొచ్చినట్టుంటాది."

షాపతను నవ్వుతూ, "టెంటు ఎవరికండీ, మీకా?" అని అతన్నే అడిగాడు.

"ఈడికి. నాను కొలత సూడ్డానికొచ్చాను."

రెండోదే తీసుకున్నాం, ఎనిమిది వేల పైచిలుకు అయింది. పెట్టె మీద రాసిన బరువులో ఒక్కోసారి మేకులూ సంచీ కలపరు. అన్నీ కలిపి తూచమని అడగండి, షాపులో మొహమాటం పనికిరాదు.

కొండకి తీసుకెళ్ళే ముందు ఓసారి వేసి చూడాలని ఆ మధ్యాహ్నమే బీచ్ రోడ్డు మీదుగా వెళ్ళే భీమిలి బస్సు ఎక్కాం. గంటకు పైనే పట్టింది. అక్కణ్ణించి ఆటోలో ఒక జాలరి పల్లెకి వెళ్ళి, ఒడ్డున పడుకోవచ్చా అని ఊరి పెద్దను అడిగి ఒప్పించుకున్నాం. వరసగా ఆగిన పడవల మధ్య చదునుగా, శుభ్రంగా ఒక ఖాళీ కనబడింది. మా అదృష్టానికి మురిసిపోయి అక్కడే టెంటు వేసేశాను. చేపలు ఎండబెడుతున్న ఒకావిడ చూసి కేకేసింది.

"ఓలమ్మో, ఏటి బాబూ, అక్కడేసీసినావు? అది పడవ లాగీ దారి! తెల్లారగట్ల మావోళ్ళు ఒడ్డుకొత్తారు. నిన్ను తొక్కుకుంటూ లాగమంటావేటి?"

దారి గనకనే ఖాళీగా ఉంచారని మాకు తట్టలేదు. మేకులు పీకి, వేసిన టెంటును వేసినట్టే ఎత్తి అవతలి గట్టు మీద పెట్టాను. ఆ అరకిలో ఎందుకు మొయ్యాలో అప్పుడు తెలిసింది. కర్రల మీద నిలబడేదైతే మొత్తం కూల్చి మళ్ళీ కట్టుకోవాలి.

టీ తెద్దామని వెళ్ళి వచ్చేసరికి బావ బయట లేడు. టెంటులోంచి అతని పాదాలు కనబడుతున్నాయి.

"నీకు బుద్ధుందా? నేల మీద పడుకోవద్దన్నారు కదా! లే ముందు."

లేవలేదు. లోపల్నించే అన్నాడు: "నాకూ రావాలనుంది బావా."

రెండు గ్లాసులూ కింద పెట్టేశాను. ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"అయితే నేనూ వెళ్ళను. ఇది తిరిగిచ్చేద్దాం" అన్నాను.

అతను పక్కకి తిరిగి, మోచెయ్యి ఆనించి మెల్లగా బయటికి వచ్చాడు. కోపంగా ఉన్నాడు. "నా నడుం నన్ను కూకోబెట్టింది సాలదా? నిన్ను కూడా కూకోబెట్టీసిందంటే నాను తట్టుకోలేను. నువ్వెళ్ళు. ఎళ్ళి ఏటి సూసావో నాకు సెప్పు."

చీకటి పడకముందే ఆటోలో భీమిలి తీసుకెళ్ళి అతన్ని బస్సెక్కించి, తిరిగొచ్చి టెంటులో పడుకున్నాను. తెల్లవారేసరికి ఫోన్ మోగింది. "ఏటి సూసావ్?" అన్నాడు. మేము వదిలిన దారిలోంచే పడవ ఎలా పైకొచ్చిందో, తాడు పట్టుకుని ఎంతమంది లాగారో, నేనూ ఒక చెయ్యి వేస్తే ఎన్ని చేపలు నా చేతిలో పెట్టారో, అన్నీ చెప్పాను. అవతల చప్పుడు లేదు. లైను తెగిందేమోనని "బావా" అన్నాను. "ఉన్నాను, సెప్పు" అన్నాడు.

వచ్చే నెల అనంతగిరి వెళ్తున్నాను. ఒంటరి ప్రయాణమంటే ఎవరూ అక్కర్లేదని చెప్పడం అనుకునేవాణ్ణి. ఇప్పుడు అలా అనిపించడం లేదు. ఒంటరిగా బయల్దేరేవాళ్ళకి నేను చెప్పగలిగిన జాగ్రత్త ఒక్కటే. ఏ దారిన వెళ్తున్నారో, ఎక్కడ టెంటు వేస్తారో, ఎప్పటికి తిరిగొస్తారో ఇంటి దగ్గర ఒక్క మనిషికి వివరంగా చెప్పి వెళ్ళండి. ఆ మనిషికి మీకంటే ఎక్కువగా ఆ దారిన నడవాలని ఉంటే, దారిలో చూసిన ఏదీ మర్చిపోకండి.