సముద్రపు రాయికి ఇత్తడి కత్తి

శ్రీకాకుళం జిల్లా బుడితిలో కూర్మయ్య నలభై ఏళ్లుగా ఇత్తడి పోత పోస్తున్నాడు. ఎన్ని గంటలు, ఎన్ని దీపపు సెమ్మెలు చేశాడో ఆయనకే గుర్తులేదు. అలాంటి మనిషిని జానెడు కత్తి ఒకటి మూడు వారాలు తిప్పలు పెట్టింది.

అడిగింది సింధూరి. చీపురుపల్లి కిరాణా వర్తకుల పిల్ల. విశాఖలో సముద్రం అడుగునుంచి తీసిన రాళ్లమీద పరిశోధన చేస్తోంది.

"మెత్తటి మట్టిరాయి తాతా. ఇనుప కత్తి తగిలితే అందులోని అయస్కాంత గుణం చెడిపోతాది."

"ఓస్, అంతేనేటమ్మా!" అన్నాడు కూర్మయ్య.

కానీ మొదటి కత్తి దగ్గరపెట్టగానే, పరీక్షకని దారానికి వేలాడదీసిన అయస్కాంతం మెల్లగా దానివైపు తిరిగింది. పాత సామాను కరిగించిన ఇత్తడిలో ఎక్కడో మేకుముక్క కలిసింది. కొత్త రాగి, కొత్త తుత్తునాగం తెచ్చి మళ్లీ పోశాడు. మళ్లీ తిరిగింది. ఆయనకి ఆ పూట అన్నం దిగలేదు.

భార్య దేముడమ్మ కత్తిని వెలుగులో తిప్పి చూసింది. "లోహం మంచిదే. అంచుకి నువ్వు రాసిన ఆకురాయి ఇనుముది కాదేటి? దాని పొడి అంటుకున్నాది, సూడు!"

మూడోసారి అంచు సానరాతిమీద తీశారు. దేముడమ్మ చింతపండు, కొబ్బరిపీచుతో తోమింది. అయస్కాంతం కదల్లేదు. కూర్మయ్య గట్టిగా చప్పట్లు కొట్టాడు.

సింధూరి ఇద్దర్నీ తన ప్రయోగశాలకి తీసుకెళ్లింది. ఆ కత్తితోనే రాయి కోసి యంత్రంలో పెట్టింది.

"మట్టి సముద్రం అడుక్కి దిగేటప్పుడు అందులోని ఇనుప రేణువులు దిక్సూచి ముల్లులా సర్దుకుంటాయి. మట్టి గట్టిపడ్డాక అలాగే ఉండిపోతాయి. భూమధ్యరేఖ దగ్గరైతే పడుకుని ఉంటాయి, ధ్రువాలవైపు పోయేకొద్దీ నిటారుగా నిలబడతాయి. ఆ వాలు కొలిస్తే రాయి ఎక్కడ పుట్టిందో తెలుస్తాది."

తెరమీద అంకె వచ్చింది. సింధూరి కుర్చీలోంచి లేచిపోయింది. "బాగా దక్షిణాన పుట్టింది తాతా! కోట్ల ఏళ్లలో కిందున్న నేలతో కలిసి ఇంత దూరం ఉత్తరానికొచ్చింది."

"నేల నడిసిందా?"

"ఇప్పటికీ నడుస్తన్నాది. మన ఊళ్లతో సహా, ఏడాదికి రెండంగుళాలు."

దేముడమ్మ మొగుడివైపు తిరిగింది. "నలభై ఏళ్లనుంచి నన్నెక్కడికీ తిప్పలేదని తిడతన్నాను. తిరుగుతనే ఉన్నామన్నమాట!"

గదిలో అందరూ పగలబడి నవ్వారు. మరో ఆరు కత్తులు కావాలంది సింధూరి.

తిరుగుబస్సులో కూర్మయ్య పక్కసీటాయనకి రాయి సంగతంతా చెప్పాడు. వింటూ వింటూ ఆ పెద్దమనిషి తను దిగాల్సిన శ్రీకాకుళం దాటిపోయి, నరసన్నపేటలో దిగాడు.