పేరు పెట్టి పిలిచినంక

మర్రిగూడ దిక్కు పల్లెల్ల రబియా కుట్టే జాకిట్లంటే ఆడోళ్లు పడి సచ్చేటోళ్లు. మూడేండ్లప్పుడొచ్చిన పోలియోకు ఎడమ కాలు సచ్చువడ్డది గని, చేతిమిషన్ ముందట కూసుంటే ఆమెకు ఎదురులేదు. అయినా "కుంటిదానికి జాకిట్ గుడ్డ ఇచ్చొచ్చిన" అనేటోళ్లే తప్ప రబియా అన్నోళ్లు లేరు. తిట్టుడు గాదు, అలవాటు. ఆమె గూడ పలికేది.

తొంభైమూడు ఎండకాలంల నిర్మలమ్మ అనే ఆమె చంకకర్రల మీద ఊళ్లెకొచ్చింది. వికలాంగుల సంఘం పెడదామని అందరిని బడి అరుగు మీదికి పిలిచింది.

"పోకు బిడ్డా, నవ్వుతరు" అన్నది రబియా తల్లి జాహేదా.

"ఇప్పుడు నవ్వుతలేరా అమ్మీ?" అనుకుంట రబియా దేక్కుంటనే పోయింది.

ఫ్లోరైడు నీళ్లకు నడుము వంగిన గాలయ్య వచ్చిండు. సూపులేని గుర్వమ్మవ్వ గోడలు తడుముకుంట వచ్చింది. నిర్మలమ్మ ముందుగాల పేర్లడిగింది.

"గుడ్డిదాన్ని బిడ్డా" అన్నది అవ్వ.

"అది కండ్ల సంగతి. నేనడిగింది పేరు."

"గుర్వమ్మ. మా బాపు పెట్టిండు" అన్నది సన్నగ. రబియాకు దుఃఖం ఆగలేదు. పేరుతోని పిలిస్తెనే పలకాలని ఆనాడే అందరు కట్టడి జేసుకున్నరు.

మరుసటేడు పత్తి ఏరే కాలంల, బస్సుపాసు కాయిదాల కోసం సంఘపోళ్లు పదముగ్గురు ఒక సర్కారు ఆఫీసుకు పోయిన్రు.

"ఏయ్ కుంటీ, నీ నంబరొచ్చింది, రా!" అని కేకేసిండు బంట్రోతు.

రబియా కదలలేదు. గుండె మాత్రం మిషన్ సూది లెక్క కొట్టుకుంటున్నది.

"పోరాదు బిడ్డా, బస్సు తప్పుతది" అని గాలయ్య గుసగుసలాడిండు.

"నన్ను పిలువలేదు తాతా."

బంట్రోతు మూడుసార్లు ఒర్రిండు. పదముగ్గురిల ఒక్కరు లేవలేదు. ఆఖరికి ఆఫీసరే బయటికొచ్చి ఏమైందని అడిగిండు.

"సారూ, మీ చేతిల కాయిదం మీద నా పేరున్నది. జర చదువుండ్రి."

ఆయన అద్దాలు సదురుకొని, "రబియా బేగం" అన్నడు.

"హాజర్ సార్!" అన్నది రబియా, నాలుగో తరగతిల పలికినట్టు. అందరు పక్కున నవ్విన్రు, ఆఫీసరు గూడ.

నెల తిరగకముందే పాసులొచ్చినయి. తర్వాత రబియా మండల సంఘానికి కార్యదర్శి అయ్యి, నల్లగొండ దాక మీటింగులు తిరిగింది. గాలయ్య, గుర్వమ్మవ్వ ఇప్పుడు లేరు.

ఆ దినాలు యాదికొస్తే ఆఫీసు కన్న ముందు, ఆనాడు తిరిగొచ్చిన తొవ్వనే ఆమె కండ్ల ముందట మెదులుతది. బస్సు తప్పినంక పత్తి ట్రాక్టరాయన ఒక్కొక్కరిని ఎత్తి బోరాల మీద కూసోబెట్టిండు. మెత్తటి పత్తిల కూరుకుపోయి పాటలు పాడుకుంట వచ్చిన్రు. నడుమ గుర్వమ్మవ్వ రబియా భుజం తట్టి, "పొద్దు ఎట్ల గుంకుతాంది బిడ్డా, చెప్పు" అన్నది.

"కందిచేన్ల మీద కుంకుమ పోసినట్టున్నది అవ్వా."

అవ్వ మొఖం ఆ దిక్కు తిప్పి, ఊరొచ్చేదాక అట్లనే కూసున్నది.