అతుకు పడని రోజు

మా వదిన గుడ్డ పారేయగా నేనెప్పుడూ చూడలేదు. రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టర్ ఆవిడ. పొడవాటి బల్ల మీద గుడ్డ పరిచి, చొక్కా వీపు పక్కన చేతులు, చేతుల సందులో కాలరు, కాలరు పక్కన జేబు, ఇలా కాగితం ముక్కలన్నీ ఒకదాని వంపులో ఒకటి ఒదిగేలా సర్దుతుంది. ఎక్కడైనా వేలెడు గుడ్డ దండగైతే ఆ పూట ఆవిడకు ముద్ద దిగదు. ఇంట్లోనూ అంతే. ఆవిడ సర్దిన అలమరాలోంచి ఒక తువ్వాలు లాగితే, దాన్ని మళ్ళీ అక్కడ పెట్టడం మా అన్నయ్య తరం కాదు. నా తరం అసలే కాదు.

అలాంటి మనిషికి నలభై దాటాక డిజైన్ కాలేజీలో పీజీ సీటు వచ్చింది. అందుకు కారణం మా అమ్మ. పక్షవాతం వచ్చాక అమ్మ కుడి చెయ్యి పైకి లేవడం మానేసింది. మాట కూడా ముక్కలు ముక్కలుగానే వస్తుంది. చీర కట్టడం కుదరక చొక్కాలకు మార్చాం, పొద్దున్నే ఆవిడకు చొక్కా తొడగడమంటే యుద్ధమే. అమ్మ పళ్ళు బిగపట్టేది, నేను మొహం తిప్పుకునేదాన్ని. వదిన మాత్రం ఊరుకోలేదు. చెయ్యి ఎత్తే పని లేకుండా, భుజం నుంచి చంక దాకా తెరుచుకునే చొక్కా ఒకటి కుట్టింది. ఆ చొక్కా చూపించే సీటు తెచ్చుకుంది. పెళ్ళయ్యాక ప్రైవేటుగా కట్టి పాసైన డిగ్రీ ఇన్నాళ్ళూ బీరువాలో మగ్గుతోంది, అదీ పనికొచ్చింది. "ఈ వయసులో ఈ ఆరంభశూరత్వం ఎందుకు వదినా?" అన్నాను. నా నోటికి తాళం లేదని ఇంట్లో అందరికీ తెలుసు కనక ఎవరూ పట్టించుకోలేదు.

కోర్సుల పుస్తకం ఇంటికొచ్చిన సాయంత్రం ఆ నోటికి నిజంగానే తాళం పడింది. వదిన అమ్మ మంచం పక్కన చేరి ఒక్కొక్కటే పైకి చదువుతోంది. ఆకుల్లోంచి, మట్టిలోంచి రంగులు తీయడం ఒక కోర్సు. అక్షరాల ఒంపుల మీద ఒకటి. చీకట్లో మనిషి చెయ్యి తలుపు గడియను ఎలా వెతుక్కుంటుందో, దాని మీద ఇంకొకటి. ఉత్త కుర్చీ మీద ఒక సెమిస్టరు మొత్తం! పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ కుర్చీల్లో కూర్చుంటున్నాను, దాని గురించి ఇంత ఆలోచించాలని నాకు తట్టనే లేదు. లేచి, నేను కూర్చున్న కుర్చీ చుట్టూ ఓసారి తిరిగి చూశాను.

"తప్పనిసరివి కొన్నే అత్తయ్యా. మిగతావి మన ఇష్టమట! ఇష్టమట, విన్నారా?" అంది వదిన.

నిజానికి ఆవిడ చేరింది ఒక్క కోర్సు కోసం. ఒళ్ళు కదపలేని వాళ్ళకు బట్టలు కుట్టడం అందులో నేర్పుతారు. రెండేళ్ళకోసారే పెడతారు. ఇప్పుడు తప్పిపోతే వదిన చదువు ముగిసే లోపల మళ్ళీ రాదు. ఆ కోర్సు చెప్పే మేడమే వదినకు సలహాదారు. శుక్రవారం లోపల ఆవిడ చేత కోర్సుల ప్లాను ఒప్పించుకోవాలి.

వదిన భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచి, వారాన్ని సుద్దతో గళ్ళుగా గీసింది. ప్రతి కోర్సుకూ ఒక కాగితం ముక్క కత్తిరించింది, ఎన్ని గంటలైతే అంత వెడల్పు. ఏది నేర్చుకున్నాక ఏది తీసుకోవాలో ముక్క మీద బాణం గుర్తు. "ఇది నిలువు పోగు లాంటిది. అడ్డం తిప్పావంటే చొక్కా పాడే" అని నాకు పాఠం చెప్పింది. రంగులు, అక్షరాలు, కుర్చీ, గడియ, అన్నీ పట్టించేసింది. తీరా చూస్తే అసలు కోర్సుకే చోటు లేదు. దానికి బుధవారం మొత్తం కావాలి.

కటింగ్ మాస్టర్లకు ఒక అలవాటుంది. గుడ్డ చాలకపోతే కాలరు కింద, కనపడని చోట అతుకు వేస్తారు. వదిన ఆ ముక్కను రెండుగా కత్తిరించి సగం బుధవారం మధ్యాహ్నంలో, సగం శుక్రవారం పొద్దుట్లో ఇరికించింది. "చూడు, అతుకు కనపడుతోందా?" అంది. లేదు. గాలి దూరే సందు లేని ఆ వారాన్ని చూసి నోరు వెళ్ళబెట్టాను.

దుప్పటికి పిన్నులు గుచ్చి, మడతపెట్టుకుని కాలేజీకి వెళ్ళాం. అక్కడ పైకప్పు అద్దాల్లోంచి వెలుగు కిందికి దిగుతోంది. గోడ నిండా సగం చేసిన కుర్చీలు వేలాడుతున్నాయి. చెప్పులు బయట విడవాలేమోనని తటపటాయించాను. మేడమ్ వదినకంటే చిన్నది, వేళ్ళ నిండా ఎండిన జిగురు. దుప్పటి చూసి, "ఇంత అందమైన ప్లాను నా దగ్గరకెప్పుడూ రాలేదండీ" అంది. తర్వాత ఆవిడ వేలు తిన్నగా వెళ్ళి బుధవారం మీద ఆగింది.

"ఇక్కడేంటి, ముక్క చేశారు?"

"అతుకండీ. చోటు చాల్లేదు."

"ఆ రోజంతా మనం ఆసుపత్రిలో మనుషుల పక్కన ఉంటాం. అతుకు పడదండీ."

"రోజంతా ఏం చేస్తారండీ?"

"సగం రోజు ఏమీ చెయ్యం. ఊరికే కూర్చుంటాం."

"కూర్చోడానికి కోర్సెందుకండీ? ఆ గంటల్లో రంగుల కోర్సు పట్టేస్తుంది!"

"అయితే రంగులే తీసుకోండి," అంది మేడమ్, కోపమేమీ లేకుండా.

వదిన చెయ్యి దుప్పటి మీద గాల్లోనే ఆగిపోయింది. బుధవారం పొద్దుటి పూటలో రంగులు, కుర్చీ, అక్షరాలు తలా కాస్త పరుచుకుని ఉన్నాయి. అది ఖాళీ కావాలంటే మూడూ పోవాలి. ఎన్నేళ్ళ ఆకలో నాకు తెలుసు. దురాశ అని మరో రోజైతే దెప్పేదాన్నే. వదిన ఒక పిన్ను తీసింది. రంగులు. ఇంకో పిన్ను. కుర్చీ. అక్షరాల ముక్కను కాసేపు అరచేతిలో ఉంచుకుని, అదీ పక్కన పెట్టింది. కత్తిరించిన రెండు సగాలూ తెచ్చి బుధవారంలో ఆనించింది. వాటి చుట్టూ బోలెడంత ఉత్త దుప్పటి మిగిలింది.

"ఎంత గుడ్డ దండగ!" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మేడమ్ సరేనంది.

మొదటి బుధవారం మాత్రం క్లాసు కాలేజీలోనే. ఇంట్లో ఒళ్ళు కదపలేని వాళ్ళుంటే, వాళ్ళకు ఇష్టమైతే తీసుకురమ్మన్నారు. అమ్మ వస్తానని తలూపింది. జబ్బు చేశాక ఆసుపత్రికి తప్ప గడప దాటని మనిషి, ఏ కాలేజీ మెట్లూ ఎక్కని మనిషి, చక్రాల కుర్చీలో ఆ వెలుగు కిందికి వెళ్ళి తలెత్తి పైకప్పు చూసింది. చిన్నపిల్లలా చూసింది. తోస్తున్న కుర్చీని నేను అక్కడే ఆపేశాను.

విద్యార్థులంతా చుట్టూ కూర్చున్నారు. వదిన అలవాటు కొద్దీ అమ్మ భుజం దగ్గర మడత సర్దబోతే, కూర్చోమని మేడమ్ సైగ చేసింది. వదిన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎవరూ ఏమీ చేయలేదు. ఎంతసేపో. నాకైతే ఆవలింతలు మొదలయ్యాయి.

అప్పుడు అమ్మ, "మెడ" అంది.

"ఏంటి అత్తయ్యా?"

"నొప్పి... చెయ్యి కాదు. మెడ. కాలరు... తొడిగేటప్పుడు."

వదిన మొహం పాలిపోయింది. ఆవిడ కుట్టిన చొక్కా భుజం దగ్గర తెరుచుకుంటుంది. మెడ దగ్గర కాదు. "రోజూ తొడిగేది నేనే కదా, ఒక్కసారైనా చెప్పలేదేం అత్తయ్యా?"

అమ్మ ఎడమ చెయ్యి చాపి కోడలి చెయ్యి పట్టుకుంది. అందులో దెప్పిపొడుపు లేదు.

"నువ్వు... ఎప్పుడు కూర్చున్నావే?"

వదిన ఇంక లేవలేదు. సాయంత్రం దాకా ఆ చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుంది.