రెండు మెట్లు కింద

సూది వేసే ముందు నర్సు దూదిని స్పిరిట్‌లో ముంచి అమ్మ చేతిమీద రుద్దింది. ఆ వాసన తగిలితే అందరికీ ఆసుపత్రి గుర్తొస్తుందేమో. నాకు మాత్రం ఆసుపత్రిలోనే కూర్చుని ఉన్నా, వైట్‌ఫీల్డ్ పక్కన హూడిలోని ఒక రేకుల కప్పు దుకాణం గుర్తొచ్చింది. సగం దించిన షట్టర్ కింద నుంచి నేలమీదికి పాకుతున్న ఎండ, బల్లమీద విప్పి పెట్టిన కంప్యూటర్లు, మెల్లగా తిరిగే ఫ్యాన్ల జోలపాట లాంటి రొద, వాటి మధ్య స్పిరిట్ అద్దిన దూదితో ప్రాసెసర్ మీది పాత పేస్టును తుడుస్తున్న నాగరత్నక్క. పసిబిడ్డ మూతి తుడిచినట్టు తుడిచేది.

నాగరత్నక్క ఒకప్పుడు రేడియో విడిభాగాల కర్మాగారంలో పనిచేసింది. అది మూతపడ్డాక కంప్యూటర్లు బిగించే దుకాణం పెట్టుకుంది. ముత్తాతల కాలంలో ముళబాగిలు వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం వాళ్లది. మా హిందూపురం మాటకు దగ్గరగా, మధ్యమధ్య కన్నడం కలిపి మాట్లాడేది. అది విన్న మొదటిరోజే నాకు ఈ ఊళ్లో ఒక చుట్టం దొరికినట్టయింది.

అప్పట్లో నేను వైట్‌ఫీల్డ్‌లో ఒక చిన్న స్టూడియోలో ఉండేదాన్ని. ఇంకా కట్టని అపార్టుమెంట్లను కట్టేసినట్టు, అందులో మనం నడుస్తున్నట్టు చూపించే సినిమాలు చేయడం మా పని. లేని కిటికీలోంచి లేని ఎండ లేని సోఫా మీద పడాలి. ఆ ఎండను లెక్కగట్టడానికి కంప్యూటర్‌కు గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. దసరా సెలవుల తర్వాత ఆఫీసు తెరిచే రోజుకు ఒక సినిమా మొత్తం నా అంతట నేనే చేసి చూపిస్తే ఉద్యోగం ఖాయం, లేకపోతే సామాను సర్దుకోమన్నారు. అందుకే సొంత యంత్రం కావలసి వచ్చింది. ఖరీదైన ప్రాసెసర్ నా తాహతుకు మించినది. దానికంటే ఒక మెట్టు తక్కువది కొని, కొంచెం వేగం పెంచుకుందామని నా ఆలోచన.

ఏప్రిల్‌లో ఆవిడ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంటర్నెట్‌లో చూసి రాసుకున్న జాబితా ఒకటి పట్టుకెళ్లాను. ముందంతా అద్దం, లోపల రంగురంగుల దీపాలు ఉన్న కేబినెట్, నీళ్లతో చల్లబరిచే కూలర్. నాకు తెలియనిది లేదనుకునే వయసు. ఆవిడ జాబితా చదివి కళ్లద్దాలు పైకి తోసుకుంది.

“చూసేకి బాగుండాది పాపా. గాలి యాడనుంచి వస్తాది లోపలికి?”

“అద్దం పక్కన సందు ఉంటుందక్కా.”

“సందులోంచి నువ్వు ఊపిరి పీలుస్తావా?”

జాబితాలో సగం పోయింది. అద్దం స్థానంలో జల్లెడలాంటి ఇనప ముఖమున్న కేబినెట్ వచ్చింది. నీళ్ల కూలర్ బదులు అరచేయంత ఫ్యానుతో, ఇటుకంత బరువైన గాలి కూలర్. దీపాలు తీసేయగా మిగిలిన డబ్బు మంచి పవర్ సప్లైకి, ప్రాసెసర్‌కు కరెంటు అందించే చోట వేడిని లాగేసే లోహపు దిమ్మెలున్న మదర్‌బోర్డుకు పోయింది. “ఎక్కువ పని చేయించుకోవాలంటే ముందు తిండి, గాలి చూడాల గదమ్మా,” అంది. ప్రాసెసర్ వేడిని కూలర్‌కు అందించే పేస్టు మాత్రం నా చేతే పెట్టించింది, బఠాణీ గింజంత.

ఆవిడకు ఒక పద్ధతి ఉండేది. యంత్రం బిగించాక అప్పుడే అప్పగించేది కాదు. మండుటెండలో, మధ్యాహ్నం ఒంటిగంటకు, షట్టర్ పూర్తిగా దించి, రేకుల కింద ఉడికిపోతూ పరీక్షించేది. నేనూ ఆ చీకట్లో చెమటలు కారుస్తూ స్టూలు మీద కూర్చున్నాను. తెరమీద అంకెలు ఎక్కుతూ దిగుతూ ఉంటే కలలో ఏదో నది ఒడ్డున కూర్చున్నట్టుంది. వేగం ఒక్కో మెట్టూ, అంటే గిగాహెర్ట్జ్‌లో పదో వంతు చొప్పున, పెంచుతూ పోయింది; వేగంతోపాటే వేడీ పెరుగుతుంది. నాలుగు తొమ్మిది దగ్గర గంటసేపు నిలబడింది. అయిదు దగ్గర తెర నల్లబడింది. ఆవిడ మళ్లీ తెరిచి, నాలుగు ఏడు దగ్గర ఆపి, కేబినెట్ పక్క రేకు మీద చాక్‌పీసుతో 4.7 అని రాసింది.

“తొమ్మిది దగ్గర నిలబడింది కదక్కా?” నాకు ఉక్రోషం వచ్చింది.

“నిలబడింది. అయినా రెండు మెట్లు కింద ఉండనీ. సాకు.”

కన్నడంలో సాకు అంటే చాలని. నాకు చాలలేదు. అక్టోబరులో సినిమా నత్తనడక నడుస్తుంటే, చాక్‌పీసు అంకెను పట్టించుకోకుండా, వేగాన్ని నాలుగు తొమ్మిదికి పెంచేశాను. ఉదయపు చలిలో చక్కగా నడిచింది కూడా. ఆవిడకు భయమెక్కువ అనుకున్నాను.

దసరాకు అమ్మ హిందూపురం నుంచి వచ్చింది. ఆయుధపూజ రోజు పనిముట్లకు విశ్రాంతి ఇవ్వాలి, కంప్యూటర్ ఆపమంది. ఇంకో రెండు రోజుల్లో సినిమా ఇవ్వాలి, ఆపితే కుదరదన్నాను. అమ్మ వాదించలేదు. నేను స్నానానికి వెళ్లినప్పుడు నడుస్తున్న యంత్రానికే పసుపు కుంకుమ పెట్టి, ఇనప ముఖమంతా కప్పేలా ఒత్తుగా కట్టిన బంతిపూల దండ వేసింది. మధ్యాహ్నానికి తెర నల్లబడింది. మళ్లీ వేస్తే పది నిమిషాలకు మళ్లీ ఆగింది. కేబినెట్ తెరిస్తే ఫ్యాను రెక్కల చుట్టూ పచ్చటి పూరేకలు.

అమ్మ ముఖం చూడలేకపోయాను. “నా పూజే నీ ఉద్యోగం తినేసిందే,” అని గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. నేను నాగరత్నక్కకు ఫోన్ చేశాను. పండగ చీరలోనే, స్పిరిట్ సీసా సంచిలో వేసుకుని ఆటోలో వచ్చింది. దండ చూసింది. రేకలు ఏరింది. యంత్రం వేసి తెరమీద అంకె చూసింది, 4.9. నావైపు ఒక్కసారి చూసింది.

తర్వాత అమ్మవైపు తిరిగింది. “పూలదేం లేదమ్మా. పేస్టు నేనే సరిగా పుయ్యలేదు. తప్పు నాదే, అందుకే ఆగిపోయిండాది.”

ఆ పేస్టు పెట్టింది నేను. సరిగానే పెట్టాను కూడా, ఆవిడ దగ్గరుండి పెట్టించింది. అమ్మ కళ్లు తుడుచుకుని లేచి, ఆవిడకు కాఫీ పెట్టడానికి వెళ్లింది. ఆవిడ పాత పేస్టు తుడిచి, కొత్తది పెట్టి, వేగాన్ని నాలుగు ఏడుకు దించింది. అప్పటిదాకా తయారైన బొమ్మలన్నీ భద్రంగానే ఉన్నాయి. మిగిలినవి మెల్లగా, ఆగకుండా పూర్తయ్యాయి. ఉద్యోగం నిలిచింది.

వారం తర్వాత దుకాణానికి వెళ్లి తప్పు ఒప్పుకున్నాను. ఆవిడ స్క్రూలు డబ్బాలో వేస్తూనే ఉంది.

“రెండు మెట్లు కిందుంటే ఆ పూలు కూడా ఓర్చుకునేది పాపా. ఇంట్లో మనుషులుంటారు. దండ వేస్తారు, గుడ్డ కప్పుతారు, కిటికీ మూస్తారు. ప్రేమతోనే చేస్తారు. ఆ రెండు మెట్లూ వాళ్ల కోసరం.”

ఇప్పుడు నా కింద నలుగురు పనిచేస్తున్నారు. ఎవరికి పని అప్పగించినా వాళ్లు చేయగలిగిన దానికి రెండు మెట్లు కిందే అప్పగిస్తాను. వాళ్లింట్లో జ్వరాలొస్తాయి, చుట్టాలొస్తారు. ఇది నా తెలివి అనుకుని వాళ్లు మెచ్చుకుంటే ఆవిడ పేరు చెబుతాను. ఆవిడ పోయి రెండేళ్లయింది.

అమ్మకు మాత్రం అసలు తప్పెవరిదో ఏనాడూ చెప్పలేదు. అదే నా పిరికితనం. ఈరోజు ఆసుపత్రిలో దూది నొక్కి పట్టుకుని అమ్మ అంది: “ఇది ఆ హూడి ఆయమ్మ వాసన గదే. మంచి మనిషి పాపం. ఆ పొద్దు పేస్టు సరిగా పుయ్యలేదు గానీ.”

ప్రతి దసరాకూ ఆ మాట వింటూనే ఉన్నాను. ఈసారి చెప్పేశాను. వేగం పెంచింది నేనని, పేస్టు బాగానే ఉండిందని, దండ వేసిన నిన్ను, వేగం పెంచిన నన్ను, ఆవిడ ఇద్దరినీ కాచి తప్పు తన నెత్తిన వేసుకుందని. అమ్మ ఆ దూదిని గుప్పిట్లో మూసుకుని ఆటో ఎక్కింది.

ఇంటికొచ్చాక నేను అలవాటుగా కంప్యూటర్ వేసి, వెనకనుంచి వచ్చే వేడి గాలికి చేయి అడ్డం పెట్టి చూశాను. కేబినెట్ మారలేదు. చెరిగినప్పుడల్లా ఆ చాక్‌పీసు అంకెను మళ్లీ దిద్దుతుంటాను. అమ్మ దేవుడి గూట్లోంచి ఒకే ఒక్క బంతిపువ్వు తీసుకుని వచ్చి నా పక్కన నిలబడింది.

“ఆయమ్మకు. యాడ పెట్టమంటావు, గాలికి అడ్డం రాకుండా?”

పక్క రేకు మీద, ఆ అంకెకు పైన అంటించమన్నాను.