పీట మీద సూర్యకాంతం

మరిడమ్మ పోయాక ఆ ఊరికి గణాచారి లేకుండా పోయింది. అమ్మవారు మనుషులతో మాట్లాడాలంటే ఒక ఆడమనిషి నోరు కావాలి. ఆ నోరున్న మనిషే గణాచారి. మరిడమ్మ శవం గుడి వెనక బావిలో తేలింది. "అమ్మ పిలిపించుకున్నాది" అని ఊరంతా చెంపలేసుకుంది. ఆమె ఎందుకు దూకిందని ఒక్కరూ అడగలేదు. దేవతతో మాట్లాడే ఊరికి మనిషితో మాట్లాడే తీరిక ఎక్కడిది?

అది అరవై ఏడు వేసవి. నౌపడ ఉప్పుమడుల మీంచి పొడిగాలి రావడమే గాని వాన జాడ లేదు. జాతర దగ్గరపడింది. కొత్త నోరు వెతకాలి. ఊరిపెద్ద నరసింగరావు చూపు సూర్యకాంతం మీద పడింది.

సూర్యకాంతం జగన్నాధం పెళ్ళాం. కాస్త పల్లం, కాస్త మెట్ట ఉన్న ఇల్లు. పిల్లలు ఎదిగొచ్చారు. మొగుడు తాగడు, కొట్టడు. అయినా ఏళ్ళ తరబడి ఆమెకు దేనిమీదా మనసు లేదు. దుఃఖమంటే ఆమెకు తెలుసు. తల్లి పోయిననాడు గుండెలు బాదుకుని ఏడ్చింది, కొన్నాళ్ళకు తేరుకుంది. ఇది అది కాదు. ఇది మోకాలి లోతు బురద. ముంచెయ్యదు, నడవనివ్వదు. తెల్లవారగట్ల మెలకువ రాగానే ఎవరో గుండెల మీద వడ్ల బస్తా దించినట్టుండేది. అయినా లేచి కళ్ళాపి చల్లేది, చోళ్ళ అంబలి కాచేది, ఊడుపులకు వెళ్ళేది. పనులన్నీ అయ్యేవి. చేస్తున్నది తనేనని మాత్రం అనిపించేది కాదు. పొద్దువాలాక కాస్త తేలికపడేది. అంతలోనే, మళ్ళీ తెల్లవారుతుందే అని భయం.

"ఏటి తక్కువైనాదే నీకు? కూడు లేదా, గుడ్డ లేదా?" అని అత్త నారాయణమ్మ రోజూ అడిగేది. కారణం చెప్పలేని బాధకు ఆ ఊళ్ళో రెండే పేర్లు: బద్ధకం, గాలి సోకడం. నరసింగరావు వచ్చి మూడో పేరు పెట్టాడు.

"నారాయణమ్మా, నీ కోడలు తిండి తినదు, నిద్రపోదు, మాటాడదు. ఆ సూపు సూడు, ఎక్కడికో పోతాది. అది రోగం కాదే. అమ్మోరు దిగతన్నాది. జాతర నాడు గణాచారి పీట మీద కూకోబెట్టు."

"ఓలమ్మో! నానిన్నాళ్ళూ దీన్ని సోమరిపోతని తిట్టినాను గదా!" అంటూ నారాయణమ్మ కోడలి కాళ్ళకు మొక్కేసింది. నిన్నటిదాకా చీపురు విసిరిన చేతులే అవి.

సూర్యకాంతం కాళ్ళు వెనక్కి లాక్కుంది. పీట ఎక్కినదానికి ఇక ఇల్లుండదు. గుడి పక్క గుడిసెలో ఒంటరిగా బతకాలి. ఒంటిపూట కూడు. మొగుడూ పిల్లలూ తాకకూడదు. మరిడమ్మ అలాగే బతికింది. ఒకసారి నీళ్ళు తోడుకుంటూ మరిడమ్మ ఆమెను మెల్లగా అడిగింది: "నీకూ తెల్లారగట్ల ఎక్కువగా ఉంటాదేటే?" గణాచారి తనతో మాట్లాడిందన్న బెదురుతో అప్పుడు సూర్యకాంతం కడవ ఎత్తుకుని పరుగెత్తింది. ఆమె అడిగినదేమిటో ఇప్పుడు తెలిసింది. మరిడమ్మకూ ఏ అమ్మవారూ పూనలేదు. ఆ గుడిసెలోకి పోతే తనూ ఎన్నాళ్ళో బతకదు.

"బావా, నానక్కడ బతకను. ఇశాపట్నం పెద్దాసుపత్రికి తీసుకెల్లు," అంది మొగుడితో.

"ఆసుపత్రికేటే? జొరమా, దెబ్బా? ఊరంతా ఒక మాట మీదున్నాది. నానేటి సెయ్యగలను?"

జగన్నాధం మంచివాడే, ఊరికి ఎదురు చెప్పాల్సి వచ్చేదాకా.

జాతర నాడు ఆమెకు పసుపు పూసి, చేతికి వేపమండలిచ్చి పీట మీద కూర్చోబెట్టారు. సాంబ్రాణి పొగలో మొహాలు కనబడటం లేదు.

"సెప్పు తల్లీ! వానెప్పుడు కురిపిస్తావు?" అన్నాడు నరసింగరావు.

"నాకు బాగోలేదు," అంది సూర్యకాంతం.

"అమ్మకి బాగోలేదంట! ఊళ్ళో ఏటో అపచారం జరిగినాది!" అని నరసింగరావు జనం వైపు తిరిగి అరిచాడు.

"నన్నింటికి పంపీండి."

"ఈ గుడి సాలదంట! పెద్ద ఇల్లు కావాలంట!"

"కట్టించే కంట్రాక్టు నరసింగరావు బాబుదే కదేటి!" అన్నారెవరో వెనకనుంచి. నరసింగరావు విననట్టు డప్పులవాళ్ళకు సైగ చేశాడు.

"నాను సూర్యకాంతాన్ని!" అని ఆమె గొంతు చించుకుంది. డప్పులు ఇంకా జోరెత్తాయి. పూనకం, పూనకం అని జనం మీదకు తోసుకొచ్చారు.

అప్పుడామెకు అర్థమైంది. ఇక తన మాట ఎవరికీ వినబడదు. వినబడేది అమ్మవారి మాటే. సరే, అదే వినండి అనుకుంది. లేచి నిలబడింది. ఊగలేదు, అరవలేదు.

"ఈ మనిషి నాకొద్దు."

డప్పులు ఆగిపోయాయి.

"దీని ఒంట్లో రోగమున్నాది. రోగమున్న ఒంట్లో నానుండను. దీని మొగుడు దీన్ని ఇశాపట్నం పెద్దాసుపత్రికి తీసుకెల్లాల. తెల్లారేసరికి ఊరు దాటాల."

"తల్లీ, మరి వాన..." అని నరసింగరావు నసిగాడు.

"నన్నడగొద్దు."

తెల్లవారకముందే జగన్నాధం బండి కట్టాడు. వీధి పొడుగునా జనం దండాలు పెడుతూ నిలబడ్డారు గాని ఒక్కరూ దగ్గరకు రాలేదు. ఊరు దాటి, రైలుకని నౌపడ దారి పట్టాక అతను మెల్లగా అడిగాడు:

"ఒసే, నిజం సెప్పు. అది అమ్మోరు సెప్పినాదా, నువ్వు సెప్పినావా?"

"ఎవులు సెప్తే నువ్వు బండి కట్టినావు బావా?"

జగన్నాధం ఎడ్లను అదిలించాడు.

ఆసుపత్రిలో డాక్టరు ఆమె చెప్పిందంతా విన్నాడు. "ఇది మనసుకొచ్చే జబ్బమ్మా. నీ తప్పు కాదు. మందులతో తగ్గుతుంది, మళ్ళీ రావచ్చు. వచ్చినప్పుడు దాచుకోకు," అన్నాడు. "ఎన్నాళ్ళు బాబూ?" అని జగన్నాధం అడిగితే, "చెప్పలేను. ఏళ్ళు పట్టవచ్చు," అన్నాడు.

ఊళ్ళో ఇప్పుడు ఆమెను అమ్మవారు వదిలేసిన మనిషంటారు. పేరంటాలకు పిలవరు. నారాయణమ్మ మళ్ళీ చీపురు విసురుతోంది, కాకపోతే కాస్త దూరం నుంచి. మాత్రలు వేసుకున్నా కొన్ని తెల్లవారుజాములు ఎప్పటిలాగే బరువుగా వస్తాయి.

ఏటైనాది అని అడగడం జగన్నాధం మానేశాడు. "ఈయేల ఎలాగున్నాది?" అంటాడు. బాగోలేదంటే పొలానికి ఆలస్యంగా వెళ్తాడు. పరవాలేదంటే పొద్దున్నే వెళ్తాడు. ఆమె మొహం తిప్పుకుని, గబుక్కున "బాగున్నాను" అన్న రోజున మాత్రం గుమ్మం దాటడు.